వదినా నేనూ రాసిన నవల



అరవై దాటాక నవల రాయడానికి కూర్చోవడం ఒక పని. దాన్ని ఇద్దరు కలిసి రాయడం ఇంకో పని. రాసినదాన్ని పింఛను డబ్బుతో సొంతంగా అచ్చు వేయించుకుని పాఠకుడి దాకా చేర్చడం మూడో పని. ఈ మూడూ మా వదినా నేనూ చేశాం. అందులో ఏది ఎక్కడ కష్టపెట్టిందో, ఏ కష్టం చివరికి పనికొచ్చిందో ఈ పూట మీతో చెప్పాలనుకుంటున్నాను. మీలో కూడా రిటైరైనవాళ్లు, ట్రంకుపెట్టె అడుగున కాగితాలు దాచుకున్నవాళ్లు ఉంటారు. ముఖ్యంగా వాళ్ల కోసం.

నేనుండేది కోటాలో. కోచింగ్ సెంటర్లకు పేరుపడ్డ రాజస్థాన్ కోటా కాదు, ఛత్తీస్‌గఢ్‌లో బిలాస్‌పూర్ జిల్లా కోటా. రైల్లో వచ్చేవాళ్లకు ఆ పేరు బోర్డు మీద కనపడదు, స్టేషన్ పేరు కర్గీ రోడ్. బిలాస్‌పూర్ నుంచి కట్నీ పోయే లైను మీద, ఖోంగ్‌సరా దాటి భన్వార్‌టోంక్ సొరంగం వైపు కొండ ఎక్కక ముందే మా ఊరు వస్తుంది. ఒక పక్క అచానక్‌మార్ అడవి, ఒక పక్క మహామాయ గుడి ఉన్న రతన్‌పూర్. ఇప్పుడు సి.వి.రామన్ పేరు మీద విశ్వవిద్యాలయం కూడా ఉంది. మా నాన్న పార్వతీపురం వైపు నుంచి గ్యాంగ్‌మన్‌గా ఇక్కడికొచ్చారు. ఆయనలాగే విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి ఎన్నో కుటుంబాలు బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే చేయిపట్టుకుని ఖరగ్‌పూర్‌కీ, బిలాస్‌పూర్‌కీ, రాయ్‌పూర్‌కీ వచ్చి ఉండిపోయాయి. ఆ రైల్వే కంపెనీ 1887లో పుట్టింది. అంటే ఇక్కడి తెలుగు ఇళ్లల్లో కొన్ని నాలుగో తరం, అయిదో తరం దాటేశాయి. పెళ్లిళ్లకీ పండగలకీ ఇప్పటికీ రాయగడ మీదుగా విజయనగరం వెళ్లే రైలే మాకు దారి.

మా బిలాస్‌పూర్‌కు సాహిత్యంలో చోటు లేదని కాదు. రవీంద్రనాథ్ ఠాగూర్ 'ఫాంకి' అనే బెంగాలీ కవితలో బిలాస్‌పూర్ స్టేషన్ ఉంది. మాఖన్‌లాల్ చతుర్వేది తన ప్రసిద్ధమైన హిందీ కవిత 'పుష్ప్ కీ అభిలాషా' రాసింది బిలాస్‌పూర్ జైల్లోనే. మరి ఆ స్టేషన్లో జెండా ఊపినవాళ్లు, ఆ ఇంజన్లలో బొగ్గు వేసినవాళ్లు, ఆ పట్టాల కింద కంకర సర్దినవాళ్లు? వాళ్లలో ఎందరో తెలుగువాళ్లు. నేను చదివిన తెలుగు నవలల్లో వాళ్లు నాకు కనపడలేదు. సర్వీసులో ఉన్నన్నాళ్లూ ఈ లోటు నన్ను బాధపెడుతూనే ఉంది. అసిస్టెంట్ స్టేషన్ మాస్టర్ ఉద్యోగంలో రాత్రి డ్యూటీలే ఎక్కువ. బండికీ బండికీ మధ్య చదవొచ్చు గానీ రాయలేం. ఎప్పుడు ఫోన్ మోగుతుందో తెలియదు.

ఈ వయసులో రాతలేమిటని ఇంట్లోవాళ్లు అడిగారు. అడగడంలో తప్పులేదు. అయితే కొండపల్లి కోటేశ్వరమ్మగారు 'నిర్జన వారధి' అచ్చులో చూసుకున్నది తొంభై దాటాక. ఆవిడ 1918లో పుట్టారు, పుస్తకం 2012లో వచ్చింది. అది ఆత్మకథ, నవల కాదు. కానీ తెలుగు పాఠకులు నవలలా ఏకబిగిన చదివారు. ఇంగ్లండులో పెనెలపీ ఫిట్జెరాల్డ్ మొదటి నవల 1977లో, అరవై ఏళ్ల వయసులో ప్రచురించింది. రెండేళ్లకే బుకర్ బహుమతి వచ్చింది. ఇలాంటి పేర్లు ధైర్యానికి పనికొస్తాయి. అంతకుమించి పనికిరావు. రాయాల్సిన పేజీని ఎవరూ వచ్చి రాసిపెట్టరు.

వయసు తెచ్చే చిక్కు చాలామంది అనుకునేది కాదు. ఓపిక తగ్గుతుంది, కంటికి శుక్లం వస్తుంది, నడుం పట్టేస్తుంది. ఇవన్నీ నిజమే, వీటికి మందులున్నాయి. అసలు చిక్కు జ్ఞాపకం. యాభై ఏళ్ల నాటి సంగతి మనం ఎన్నోసార్లు చెప్పి ఉంటాం. చెప్పినప్పుడల్లా కాస్త చెక్కి, కాస్త నునుపు చేసి ఉంటాం. చివరికి జరిగిన సంగతి పోయి, చెప్పే కథ మిగులుతుంది. ఒక్కడే కూర్చుని రాస్తే ఆ నునుపైన కథే కాగితం మీదికొస్తుంది. అది చదవడానికి హాయిగా ఉంటుంది గానీ అందులో ప్రాణం ఉండదు. పెద్ద వయసులో రాసేవాళ్లకు పక్కన ఇంకొకరు కావాలని నేనంటున్నది ఇందుకే. పని పంచుకోవడానికి కాదు. 'అలా జరగలేదు' అని అడ్డుపడటానికి.

మా వదిన సంగతి చెప్పాలి. మా అన్నయ్య బిలాస్‌పూర్ లోకో షెడ్డులో ఫైర్‌మన్. వదిన పార్వతీపురం దగ్గరి పల్లెలో ఎనిమిదో తరగతి దాకా చదువుకుంది. పెళ్లయి రైల్వే క్వార్టర్‌కు వచ్చేటప్పుడు ట్రంకుపెట్టెలో చీరలకింద ఒక కట్ట తెచ్చుకుంది. వారపత్రికల్లో వచ్చే సీరియల్ నవలల కాగితాలు వారం వారం చింపి, వరసగా పేర్చి, పాత క్యాలెండర్ అట్ట వేసి, సూదీదారంతో కుట్టుకున్న పుస్తకాలవి. కొన్నింటికి చివరి భాగం లేదు. ఆ వారం పత్రిక అందలేదట. అలా ముగింపు లేని నవలలకు వదిన తనే ముగింపులు ఊహించి చెప్పేది. పదేళ్ల పిల్లాడిగా నేను తెలుగు చదవడం నేర్చుకున్నది ఆ కుట్టు పుస్తకాల మీదే. బళ్లో మాది హిందీ మీడియం. ఇంట్లో నాన్న చెప్పిన పెద్దబాలశిక్షా, వదిన కట్టా, ఇదే నా తెలుగు చదువు.

నవల 1974 సమ్మె గురించి. ఆ సమ్మె పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. మే 8న మొదలై 27న ఆగిపోయింది. లక్షలమంది రైల్వే కార్మికులు పనిలోకి వెళ్లలేదు. కార్మిక నాయకుడు జార్జ్ ఫెర్నాండెజ్‌ను సమ్మె మొదలవక ముందే అరెస్టు చేశారు. బోనస్ ఒక కోరికైతే, ఇంజన్ మీద పనిచేసేవాళ్లకు పని గంటలకు హద్దు ఉండాలన్నది ఇంకో పెద్ద కోరిక. డ్యూటీ ఎక్కిన ఫైర్‌మన్ మళ్లీ ఇంటికి ఎప్పుడొస్తాడో ఇంటావిడకు తెలియని రోజులవి. సమ్మెలో ఉన్నవాళ్లను వెతకడానికి పోలీసులు క్వార్టర్లకు వచ్చారు. ఎన్నో కుటుంబాలను సామానుతో సహా బయటికి పంపేశారు. మా అన్నయ్య ఉద్యోగం పోయింది. 1977లో ప్రభుత్వం మారి మధు దండవతే రైల్వే మంత్రి అయ్యాక, ఆ సమ్మెలో తీసేసినవాళ్లతో పాటు అన్నయ్యనూ తిరిగి తీసుకున్నారు. మధ్యలో మూడేళ్లు కోటాలో బియ్యం మిల్లులో బస్తాలు మోశాడు. నవల ఆ మూడేళ్లదీ, ఆ మూడేళ్లకు ముందు ఒక రాత్రిదీ.

ఆ రాత్రి దగ్గరే మా ఇద్దరికీ తగువు వచ్చింది.

నాకు గుర్తున్నది ఇది. సమ్మె మొదలైన వారంలోనే ఒక అర్ధరాత్రి అన్నయ్య బిలాస్‌పూర్ నుంచి పట్టాల పక్కన నడుచుకుంటూ కోటా వచ్చాడు. నాన్న లాంతరు వత్తి బాగా దించేశారు. అమ్మ సత్తు గిన్నెలో వేడినీళ్లు తెచ్చి అన్నయ్య కాళ్లు అందులో పెట్టించింది. కంకర రాళ్ల మీద నడిచి మడమలు చీలిపోయి ఉన్నాయి. నీళ్లు ఎర్రగా అయ్యాయి. నాకు పన్నెండేళ్లు. పక్కమీద పడుకుని కళ్లు మూసుకున్నట్టు నటిస్తూ ఇదంతా చూశాను. ఇది నేను ఎంత కచ్చితంగా చూశానంటే, ఆ గిన్నెకున్న సొట్ట ఏ పక్కనుందో కూడా చెప్పగలను.

ఈ అధ్యాయం రాసి బిలాస్‌పూర్ తీసుకెళ్లాను. వదిన వాళ్లబ్బాయి ఇంట్లో ఉంటుంది. వరండాలో కూర్చుని మొత్తం చదివించుకుంది. చదవడం అయ్యాక కళ్లజోడు తీసి, "మీ అన్నయ్య ఆ రేత్రి కోటా రానేదు బాబూ" అంది.

రాలేదా అన్నాను. "రానేదు. రతన్‌పూర్లో ఉన్నాడు. తోటి ఫైర్‌మన్ ఇంట్లో. ఆలు ఇక్కడోలే, వాళ్లింట్లో మన బాస రాదు. మర్నాడు చంటోడ్ని ఎత్తుకుని నాను బస్సెక్కి ఎల్లాను. లుంగీ, తువ్వాలు, అన్నం మూట పట్టుకెల్లాను. నువ్వు చూసినాను అంటన్నావు, నానెల్లినాను."

వదిన మాటకు సాక్ష్యం ఆ ప్రయాణం. నా మాటకు సాక్ష్యం ఆ గిన్నె. తేల్చగలిగిన మనిషి మా అన్నయ్య ఒక్కడే, ఆయన పోయి చాలా ఏళ్లయింది. అమ్మా నాన్నా లేరు. అప్పటి షెడ్డువాళ్లలో మిగిలినవాళ్లను వెతికి అడిగాం. ఒకాయన రతన్‌పూరే అన్నాడు, కానీ ఏ రోజో చెప్పలేకపోయాడు. ఇంకొకాయనకు సమ్మే సరిగ్గా గుర్తులేదు. ఆ ఏడు వానాకాలమంతా నవల ముందుకు సాగలేదు. నాకు కోపం కంటే భయం ఎక్కువైంది. ఆ గిన్నె కూడా నేను అల్లుకున్నదేనా అని రాత్రిళ్లు నిద్రపట్టేది కాదు.

దసరాకు వెళ్లినప్పుడు వదినే దారి చూపించింది. "నీది నువ్వు రాయి. నాది నాను రాస్తాను. రెండూ ఉంటాయి" అంది. అంతే. అక్కడి నుంచి నవల రూపం మారిపోయింది. ఒక అధ్యాయం గ్యాంగ్‌మన్ కొడుకుది, ఒక అధ్యాయం ఫైర్‌మన్ భార్యది. ఆ రాత్రి దగ్గర ఒకే మనిషి రెండు ఊళ్లలో ఉంటాడు. మేం తేల్చలేదు. పోలీసులు వెతుకుతున్న మనిషి గురించి ఇంట్లోవాళ్లు ఒకరికొకరు అబద్ధం చెప్పుకున్న రోజులవి. వదినకు ఒకటి, నాన్నకు ఒకటి అన్నయ్యే చెప్పించి ఉండొచ్చు. పిల్లాడికి ఏమీ చెప్పకుండా ఉండొచ్చు. ఆ భయం ఎలాంటిదో రెండు జ్ఞాపకాల మధ్య ఉన్న ఖాళీలో తెలిసినంతగా, మేం తెలిసి రాసిన ఏ పేజీలోనూ తెలియదు. అందుకే ఇద్దరు రాసేవాళ్లు గొడవపడ్డ చోటును దాటేయొద్దు. అక్కడే కూర్చోండి.

ఇద్దరు కలిసి రాయడం తెలుగువాళ్లకు కొత్తేం కాదు. పదిహేనో శతాబ్దంలోనే నంది మల్లయ, ఘంట సింగన కలిసి కావ్యాలు చెప్పారు. తిరుపతి వేంకట కవుల పేరు వినని తెలుగువాడు లేడు. దివాకర్ల తిరుపతి శాస్త్రిగారు 1920లో పోయారు. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు 1950 దాకా ఉన్నారు. ఆ ముప్ఫై ఏళ్లూ తను ఒక్కడే రాసినవాటికి కూడా జంట పేరే పెట్టారు. ఈ సంగతి చిన్నప్పుడు విన్నప్పుడు మర్యాదగా తోచింది. ఇప్పుడు అది మర్యాద కాదనిపిస్తోంది. ఏళ్ల తరబడి ఒకరితో కలిసి వాక్యం కట్టినవాడికి తర్వాత ఒంటరిగా కట్టినప్పుడు కూడా ఆ రెండో మనిషి అభ్యంతరం చెవిలో వినపడుతూనే ఉంటుంది. వదిన బిలాస్‌పూర్లో ఉండగా కోటాలో నేను రాసుకునేటప్పుడు నాకు అలాగే వినపడుతుంది.

నవలల విషయానికొస్తే వేంకట పార్వతీశ్వర కవులున్నారు. బాలాంత్రపు వేంకటరావు, ఓలేటి పార్వతీశం. వీళ్లు 'మాతృమందిరం' లాంటి నవలలు రాయడమే కాదు, ఆంధ్ర ప్రచారిణి గ్రంథమాల పెట్టి నవలలు అచ్చు వేసి పాఠకులకు అందించారు. అంటే జంటగా రాయడం, సొంతంగా ప్రచురించడం, రెండు కష్టాలూ కలిపి మోసినవాళ్లు. ఆ వేంకటరావుగారి కొడుకే మన రేడియో వినేవాళ్లందరికీ తెలిసిన బాలాంత్రపు రజనీకాంతరావుగారు. ఇక బీనాదేవి. 'పుణ్యభూమీ కళ్లు తెరు', 'హేంగ్ మీ క్విక్' రాసిన బీనాదేవి ఒక మనిషి కాదు, భార్యాభర్తలిద్దరు. భాగవతుల నరసింగరావుగారు న్యాయమూర్తి, త్రిపురసుందరిగారు ఆయన భార్య. ఆయన పోయాక కూడా ఆవిడ ఆ పేరుతోనే రాశారు. స్వీడన్లో మాయ్ షోవాల్, పేర్ వాలూ అనే జంట 1965 నుంచి 1975 దాకా పది పోలీసు నవలలు రాశారు. ముందు ప్రణాళిక వేసుకుని, ఒక అధ్యాయం ఒకరు, తర్వాతి అధ్యాయం ఒకరు రాసేవారట. మా పద్ధతి దానికి దగ్గరగా ఉంది. తేడా ఒకటే. ఎవరు ఏది రాశారో తెలియకూడదని వాళ్లు కోరుకున్నారు. తెలియాలని మేం కోరుకున్నాం.

చెప్పేవాళ్లొకరు, రాసేవాళ్లొకరు అన్నది వేరే సంగతి. విశ్వనాథ సత్యనారాయణగారు 'వేయిపడగలు' చెబుతూ ఉంటే తమ్ముడు వేంకటేశ్వర్లుగారు రాశారని అందరికీ తెలుసు. అక్కడ కర్త ఒక్కరే. మా ఇంట్లో కూడా మొదట్లో పిల్లలు అలాగే అనుకున్నారు, వదిన చెబుతుంది, చిన్నాన్న రాస్తాడు అని. నేను ఒప్పుకోలేదు. వదిన వాక్యం వదిన చేత్తోనే పడాలి. శుక్లం ఆపరేషన్ అయిన కంటికి గీతల పుస్తకంలో గీతలు ఆనేవి కాదు. మనవరాలు ఆ గీతల మీద నల్లపెన్నుతో ఒక గీత విడిచి ఒక గీత దిద్ది పెట్టింది. దాంతో పేజీకి పది వాక్యాలు పడేవి. కుదరని రోజున ఫోన్లో మాట్లాడి వాట్సాప్‌లో పంపేది. నేను దాన్ని విని ఒక్క మాట మార్చకుండా దించి, మళ్లీ చదివి వినిపించేవాణ్ని.

నా అధ్యాయాల్లో వదిన కొట్టేసినవి చాలా ఉన్నాయి. ఆ రోజుల్లో సింగిల్ లైన్ సెక్షన్లో బండి కదలాలంటే స్టేషన్ మాస్టర్ ఇచ్చే టోకెన్ డ్రైవర్ చేతికి అందాలి. బెత్తం రింగుకు తగిలించిన తోలు సంచిలో ఇనుప గోళం ఉండేది. ఆగని బండి మీద నుంచి చెయ్యి చాచి ఆ రింగు అందుకోవడం చూడాల్సిన దృశ్యం. దాని మీద నేను చాలా ప్రేమగా రాశాను. ఏ గోళం ఏ యంత్రంలోంచి వస్తుంది, రెండు స్టేషన్ల మధ్య గంటలు ఎలా కొట్టుకుంటారు, అన్నీ. వదిన మార్జిన్లో నిలువుగీత గీసి, "పిల్లోడు ఏటి చూసినాడో అదొక్కటీ ఉంచు" అని రాసింది. రింగు అందుకున్నాక డ్రైవర్ మోచేతి మీద పడ్డ ఎర్రటి చార మాత్రం మిగిలింది. ఆ అధ్యాయంలో చదివినవాళ్లందరూ చెప్పుకునేది ఆ చార గురించే.

మేం ఒక నియమం పెట్టుకున్నాం. ఒకరు రాసింది ఇంకొకరు కొట్టేయవచ్చు, తిరగరాయకూడదు. తిరగరాయడం మొదలైతే రెండు గొంతులూ కలిసిపోయి ఎవరిదీ కాని పుస్తకభాష ఒకటి తయారవుతుంది. వదిన మాట ఉత్తరాంధ్ర పల్లెది, నా మాటలో హిందీ, ఛత్తీస్‌గఢీ దొర్లుతాయి. రెండూ అలాగే ఉంచాం.

ఇప్పుడు కాస్త పొడిగా ఉండే సంగతి, కానీ వదలకూడనిది. బంధువులైనా స్నేహితులైనా, రాయడం మొదలుపెట్టకముందే ఒక కాగితం రాసుకోండి. ఎవరి పేరు ముందు, ఖర్చెవరిది, డబ్బొస్తే ఎలా పంచుకోవాలి, ఒకరు మధ్యలో పోతే రెండోవాళ్లు ఏం చేయవచ్చు. ఈ చివరిది అడగడానికి నోరు రాదు. వదినే అడిగింది నన్ను. "నాను ముందెలిపోతే నా పేజీలు ముట్టుకోకు, అచ్చు మాత్రం ఆపకు" అని రాయించి సంతకం పెట్టింది. చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, ఎవరి వాటా ఏదో విడదీయలేనట్టుగా కలిసి రాసినదాన్ని ఉమ్మడి రచన అంటారు. దాని హక్కు ఇద్దరిలో చివరగా పోయినవారి తర్వాత అరవై ఏళ్ల దాకా ఉంటుంది. మా అధ్యాయాల్లా ఎవరిది ఏదో తెలిసేవి దాని కిందికి రాకపోవచ్చు. ఎలా చూసినా హక్కు తీరేనాటికి మా మనవల పిల్లలుంటారు. వాళ్లు తగువులాడుకోకుండా ఒక్క పేజీ కాగితం కాపాడుతుంది.

అచ్చు దగ్గరికి వద్దాం. సొంతంగా వేసుకోవడాన్ని చిన్నతనంగా చూసేవాళ్లున్నారు. కందుకూరి వీరేశలింగంగారు 'రాజశేఖర చరిత్రము'ను ముందు తన పత్రిక 'వివేకవర్ధని'లోనే వేసుకుని, 1880లో పుస్తకంగా తెచ్చారు. ఉన్నవ లక్ష్మీనారాయణగారి 'మాలపల్లి' 1922లో వచ్చినప్పుడు ప్రచురించింది ఆయన భార్య లక్ష్మీబాయమ్మగారు. మరుసటి ఏడే ప్రభుత్వం దాన్ని నిషేధించింది. అలాంటి పుస్తకానికి ఒక ఇల్లాలు ప్రచురణకర్తగా నిలబడింది. తెలుగు నవల ఇలాంటి చేతుల్లో పెరిగింది. నాకు అభ్యంతరం సొంత ప్రచురణ మీద లేదు. మధ్యలో వద్దని చెప్పేవాడు లేకపోవడం మీద ఉంది. పేరున్న ప్రచురణ సంస్థ అయితే ఒక సంపాదకుడు ఉంటాడు, ఇది బాగాలేదు, ఇది ఎక్కువైంది అని చెబుతాడు. సొంత డబ్బు పెట్టేవాడికి అలా చెప్పే అవసరం ఎవరికీ ఉండదు. ప్రెస్సువాళ్లు పేజీ లెక్కన తీసుకుంటారు, పేజీలు ఎక్కువైతే వాళ్లకు నష్టమేముంది. అందుకని వద్దనే మనిషిని మనమే వెతుక్కోవాలి. మా బంధువూ మా ఊరివాడూ కాని ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారికి, డబ్బిచ్చి మరీ చదివించాం. ఆయన మూడో వంతు తీసేయమన్నారు. వదినకూ నాకూ ఒకేసారి కోపం వచ్చింది. ఆ నవల రాసినన్నాళ్లలో మా ఇద్దరికీ ఒకే మాట మీద కోపం రావడం అరుదు. నెల పోయాక ఆయన చెప్పినదాంట్లో చాలా భాగం తీసేశాం.

కోటాలో తెలుగు అచ్చు లేదు. బిలాస్‌పూర్లో హిందీ ప్రెస్సులున్నాయి గానీ తెలుగు అక్షరం కూర్చేవాళ్లు దొరకలేదు. ఫైలు ఆంధ్రకు పంపించాల్సి వచ్చింది. నేను టైపు చేసింది ఫోన్లో, యూనికోడ్‌లో. అక్కడి డీటీపీ సెంటర్లో పుస్తకం కూర్చింది వేరే ఫాంటులో. మార్చేటప్పుడు వత్తులు విడిపోయి, కొన్నిచోట్ల పక్క అక్షరానికి అతుక్కుపోయాయి. వదిన యాసలో ఉన్న మాటల్ని తప్పులనుకుని అక్కడి కుర్రాడు పుస్తకభాషలోకి దిద్దేశాడు. అతను మంచి ఉద్దేశంతోనే చేశాడు. కానీ 'నాను' అన్నచోటల్లా 'నేను' అయితే ఆ పుస్తకంలో మా వదిన లేదు. మళ్లీ మొదటి పేజీ నుంచి ప్రూఫులు చూశాం. చూసే పద్ధతి ఒకటి చెబుతాను, పెద్దవయసు కళ్లకు పనికొస్తుంది. ఒకరు అచ్చు కాగితం పైకి చదవాలి, కామాలూ ఫుల్‌స్టాపులూ కూడా పలకాలి. ఇంకొకరు రాతప్రతిలో వేలు పెట్టి చూసుకోవాలి. కన్ను అలవాటుకొద్దీ తప్పును దాటేస్తుంది. చెవి దాటేయదు.

ఐఎస్‌బీఎన్ నంబరు కోసం మధ్యవర్తులకు డబ్బు కట్టనక్కర్లేదు. రాజా రామ్‌మోహన్ రాయ్ ఏజెన్సీ ఉచితంగా ఇస్తుంది, రచయితే దరఖాస్తు పెట్టుకోవచ్చు. పుస్తకం వచ్చాక ఇంకో పని ఉంది, సొంతంగా వేసుకున్నవాళ్లు చాలామంది చేయరు. 1954 నాటి చట్టం ప్రకారం ప్రచురణకర్త నెలలోగా కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికీ, చెన్నై కన్నెమరాతో పాటు చట్టం చెప్పిన ఇంకో రెండు గ్రంథాలయాలకూ తలా ఒక ప్రతి తన ఖర్చుతో పంపాలి. సొంతంగా వేసుకుంటే ప్రచురణకర్త మనమే కదా. నేను దీన్ని భారం అనుకోను. కోటా గ్యాంగ్‌మన్ కథ దేశంలో నాలుగు పెద్ద గ్రంథాలయాల్లో, తెలుగులో, ఒక నంబరుతో ఉంటుంది. మేం పోయినా ఉంటుంది.

ఎన్ని ప్రతులు వేయాలన్న దగ్గర ఆశ మాట వినకండి. వెయ్యి వేస్తే ఒక్కో ప్రతి చౌక పడుతుందని ప్రెస్సువాళ్లు చెబుతారు. నిజమే, కానీ చదవని ప్రతి ఎంత చౌకైనా దండగే. తెలుగు రచయితల ఇళ్లల్లో మంచాల కింద అట్టపెట్టెలు ఎన్ని చూశానో. మేం 300 వేశాం. పుస్తకాల షాపులు వెల మీద మూడో వంతు నుంచి సగం దాకా తగ్గింపు అడుగుతాయి, అమ్మిన డబ్బు మెల్లగా వస్తుంది. పైగా ఇక్కడి నుంచి పుస్తకం పంపడం ఒక ఖర్చు. పాత రిజిస్టర్డ్ బుక్ పోస్ట్ 2024 డిసెంబరులో ఆగిపోయినప్పుడు చిన్న ప్రచురణకర్తలంతా దెబ్బతిన్నారు. 2025 మేలో తపాలా శాఖ జ్ఞాన్ పోస్ట్ తెచ్చింది. మొదలైనప్పుడు దాని ధర 300 గ్రాముల దాకా 20 రూపాయలు. తక్కువ బరువు కాగితం మీద వేయించుకోవడం మేలని చెప్పడానికి ఈ ఒక్క లెక్క చాలు.

ఉచితంగా పంచడం మాత్రం వద్దని వదిన పట్టుబట్టింది. పెళ్లిళ్లలో, గృహప్రవేశాల్లో పుస్తకం చేతిలో పెడితే తీసుకున్నవాళ్లు నమస్కారం చేస్తారు, చదవరు. ఖరగ్‌పూర్, రాయ్‌పూర్, విశాఖ రైల్వే కాలనీల్లో తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో మొదటి అధ్యాయం చదివి వినిపించి రికార్డు పెట్టాం, ఒకటి వదిన గొంతుతో, ఒకటి నా గొంతుతో. కావాల్సినవాళ్లు డబ్బు పంపి తెప్పించుకున్నారు. మెల్లగానే పోయాయి. కొన్నవాళ్లలో చాలామంది చదివారు. చదివినట్టు ఎలా తెలుసంటే తప్పులు పట్టారు. ఫలానా రోజుల్లో ఫలానా షెడ్డులో ఆ ఇంజన్ లేదని ఒకరు, ఆ సంవత్సరం బిలాస్‌పూర్లో బియ్యం ధర అంత కాదని ఒకరు. ఆ ఉత్తరాలన్నీ దాచాను. కొన్నిటికి కన్నీళ్లొచ్చాయి.

అన్నిటికంటే పెద్దది ఖరగ్‌పూర్ నుంచి వచ్చింది. అన్నయ్యతో కలిసి పనిచేసిన డ్రైవర్. ఆయనకు ఎనభై దాటింది. మనవడి చేత ఫోన్ చేయించారు. మీరిద్దరూ రాసిన ఆ రాత్రి మీ అన్నయ్య కోటాలోనూ లేడు, రతన్‌పూర్లోనూ లేడు, బేల్‌గహనాలో మా మామగారింట్లో నా పక్కనే పడుకున్నాడు, కాళ్లు చీలిపోయి ఉన్నాయి అన్నారు. చీలిన కాళ్ల మాట విని నేను కాసేపు మాట్లాడలేకపోయాను. వదిన ఫోన్ తీసుకుని ఆయన్ను మొదటి నుంచి మళ్లీ చెప్పమంది, మనవరాలితో రికార్డు చేయించింది. ఇప్పుడు మొదటి ముద్రణ అయిపోవచ్చింది. ఆ డ్రైవర్‌గారి మాటను రెండో ముద్రణలో మూడో గొంతుగా చేర్చాలని నేనంటున్నాను. ఆయన పేరు అట్టమీద లేకుండా ఆయన మాట లోపల వేసే హక్కు మనకు లేదని వదిన అంటోంది. వచ్చే నెల ఇద్దరం ఖరగ్‌పూర్ వెళ్లి ఆయన్నే అడుగుతాం.